గిన్నె పట్టిన ఆవిడ పేరు

అల్ అజీజియా, దోహా
4 అక్టోబరు 2025

చెల్లెలు సుకుమారికి,

నీ అన్న సువార్తరావు రాస్తున్నాడు. బతికే ఉన్నాడు. ఈ సంగతి నీకెంత సంతోషమో తెలియదు గాని, నీ భర్తకి ఎంత విచారమో ఊహించగలను.

మోనికాకి ఆడపిల్ల పుట్టిన కబురు నీకు చేరింది. చేరనిది ఇక్కడ రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను. కాగితం మీద ఇద్దరం మర్యాదస్తులం. ఎప్పటిలాగే ఈ పేజీలను అల్లుడు సైలస్ ఫోటో తీసి నీ ఫోనుకి పంపుతాడు. అతనికి తెలుగు చదవడం రాదు కాబట్టి ధారాళంగా రాయవచ్చు.

పది రోజుల కిందట భోజనాల దగ్గర పిల్ల పేరు చెప్పారు. సిగిన్.

నేను పప్పు కలుపుకుంటున్నాను. "అదేం మందు? రోజుకి ఎన్నిసార్లు వెయ్యాలి?" అన్నాను.

"పాప పేరు, నాన్నా" అంది మోనికా. సైలస్ మంచినీళ్ళు తాగాడు.

తప్పు చేసినవాడే ముందు నీళ్ళు తాగుతాడు. అతని ఆఫీసులో పై అధికారి నార్వేవాడు. నలభై అయిదు డిగ్రీల ఎండలో యాస్పైర్ పార్కు చుట్టూ పరుగెత్తే మనిషి. ఆయన్ని మెప్పించడానికి మా ఇంటి ఖాళీ డ్రమ్ము, అంటే మా అల్లుడు, ఆయన దేశపు పేరు తెచ్చి నా మనవరాలికి తగిలిస్తున్నాడు.

వారం రోజులు కూర్చుని ఆ పేరు పుట్టుపూర్వోత్తరాలు చదివాను. ఉత్తరదేశాల పాత భాషలో అందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది గెలుపు, రెండోది స్నేహితురాలు. ఇంతవరకు బాగానే ఉంది. ఆవిడ ఎవరి పెళ్ళామో చదివాక బాగోలేదు. అక్కడి దేవతల మధ్య లోకి అని ఒకడు తిరుగుతుంటాడు. జిత్తులమారి. నోరు ఊరుకోదు. ఒక విందులో దేవుళ్ళందరినీ వరసపెట్టి దులిపేశాడు. అన్నవాటిలో అబద్ధమంటూ పెద్దగా లేదు, అందుకే వాళ్ళకి ఒళ్ళు మండింది. ఇంకా కొన్ని నేరాలున్నాయిలే. చివరికి వాణ్ణి పట్టుకుని, వాడి కొడుకు పేగులతోనే ఒక గుహలో బండలకి కట్టేసి, ముఖం మీద విషం బొట్లుబొట్లుగా పడేలా పైన ఒక పామును బిగించారు. ఈ సిగిన్ అనే ఇల్లాలు పక్కన నిలబడి గిన్నె పట్టి ఆ విషాన్ని అందులో పడనిస్తుంది. గిన్నె నిండితే పారబోయడానికి పక్కకి తిరుగుతుంది. అంతలో ఒక బొట్టు వాడి ముఖం మీద పడుతుంది. వాడు గింజుకుంటాడు. దాన్నే మనుషులు భూకంపం అంటారట.

పాలు తాగే పిల్లకి ఇది పేరు.

నీహారిక అని పెడదామన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట నా కూతురికి పెట్టమని ఇక్కణ్ణుంచి చెప్పి పంపిన పేరు అది. నాకు సెలవు దొరకలేదు. ఇంటి పెద్ద లేడని అక్కడ నరసాపురం గుడిలో పాస్టరైన నీ భర్త, దైవాశీర్వాదం అయ్యగారు, తనే పిల్లని ఎత్తుకుని మోనికా అని పలికాడు. సంఘం ఆమేన్ అంది. నాకా పేరు మీద ద్వేషం లేదు. అయ్యగారి మీద ఉంది.

మనవాళ్ళ ఆచారం ఈసారి నాకు కలిసొచ్చింది. ధ్రువపత్రాల్లో ఏం రాసుకున్నా, సంఘం ముందు ఇంటి పెద్ద ఎత్తుకుని పలికి, సంఘం ఆమేన్ అనేదాకా అది పేరు కాదు. సైలస్‌కి తల్లిదండ్రులు లేరు. దోహాలో ఇంటి పెద్దని నేనొక్కణ్ణే. నవంబరు 14, శుక్రవారం పేరు పెట్టడం; ఇక్కడ సెలవు, ఆరాధన ఆ వారమే. పిల్ల నా చేతుల్లో ఉంటుంది. నీహారిక అంటాను. వాళ్ళు ఆమేన్ అంటారు. వాళ్ళు దేనికైనా అంటారు.

ఈ సంగతి నీ భర్తకి చెప్పకు.

నీ అన్న,
సువార్తరావు


నరసాపురం
9 అక్టోబరు 2025

ప్రభువునందు ప్రియమైన అన్నయ్యకి,

వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. నాకు పై పన్ను ఒకటి కదులుతోంది. తీయించుకోమంటున్నారు, దానంతటదే పోతుందని నేను చూస్తున్నాను. రెండు రోజులుగా వాన. గుడి వెనక గోడ నానిపోయింది.

అన్నయ్యా, చెప్పకు అన్న మాట నువ్వు ఉత్తరం చివర రాశావు. మీ బావకి ఎనభై దాటాయి, చూపు ఆనదు. నీ ఉత్తరాలు నేనే పైకి చదివి వినిపిస్తాను. చివరికి వచ్చేసరికి చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. ఇకనుంచి అలాంటివి మొదట్లో రాయి.

తన గురించి రాసింది కూడా విన్నారు. చదువు, చదువు అన్నారు. పేగుల దగ్గర మాత్రం కాసేపు ఆపమన్నారు.

అంతా విని, "ఆ పేరు వద్దే వద్దు. అన్యదేవతలలో ఒకతె పేరు. సువార్తరావు చెప్పింది అక్షరాలా నిజం" అన్నారు. మీరిద్దరూ ఒక మాట మీద ఉండటం నేను నా పెళ్ళి తర్వాత ఇదే చూడటం. మీ సంఘం పాస్టరు జయపాల్ ఒకప్పుడు మీ బావ దగ్గర చదువుకున్న కుర్రాడే. ఆయనకి వెంటనే ఫోన్ చేసి, పెద్దల్ని తీసుకుని మీ ఇంటికి వెళ్ళి మాట్లాడమని చెప్పారు. నువ్వొక్కడివే పోట్లాడుతున్నావు కదా, నీకు సాయంగా ఉంటుందని.

పిల్ల ఎవరి పోలిక? ఫోటోలో నుదురు మాత్రం మన అమ్మదే. పాప కోసం లేసు దుప్పటి ఒకటి అల్లుతున్నాను. చాలా కాలం కిందట మొదలుపెట్టి వదిలేసిన అల్లికే, ఇప్పుడు పూర్తి చేస్తున్నాను. వేళ్ళు ముందులా వంగడం లేదు.

నీ బీపీ మాత్రలు వేసుకో. వేసుకున్నానని అబద్ధం చెప్పకు.

ప్రార్థనలతో,
నీ చెల్లెలు సుకుమారి


అల్ అజీజియా
18 అక్టోబరు 2025

సుకుమారీ,

వందనాలు లేవు.

నిన్న ఆరాధన అయ్యాక పాస్టరు జయపాల్, ఇద్దరు సంఘ పెద్దలు మా ఇంటికి వచ్చారు. టీ తాగారు. వాతావరణం చల్లబడుతోందన్నారు. తర్వాత జయపాల్ గొంతు సవరించుకున్నాడు.

"అంకుల్, నరసాపురం అయ్యగారు ఫోన్ చేశారండి. ఆ పేరు విగ్రహారాధికుల పేరంట కదా. మీరు కూడా చాలా బాధపడుతున్నారని..."

నీ భర్త చెప్పాడట. నా బాధకి నీ భర్త ప్రతినిధి.

"ఇవాళ ఏ వారం?" అన్నాను.

"ఫ్రైడే అంకుల్."

"ఫ్రైడేలో ఫ్రై ఎవరు?"

నేనే చెప్పాను. ఫ్రిగ్ అని ఆ ఉత్తరదేశాల దేవతలకి మహారాణి. ఆవిడ పేరున్న రోజున మీరు పొద్దున ఒక ఆరాధన, సాయంత్రం ఒక ఆరాధన పెట్టారు. థర్స్‌డే ఉపవాస ప్రార్థన. అది సుత్తి పట్టుకు తిరిగే దేవుడి రోజు. వెడ్నెస్‌డే బైబిలు పాఠం. అది ఒంటికన్ను దేవుడిది. మీ నోటీసు బోర్డు మీద వారమంతా వాళ్ళే ఉన్నారు, నా మనవరాలు ఒక్కతే మీకు బరువైందా అన్నాను. పెద్దల్లో ఒకాయన సగం కొరికిన బిస్కెట్టు మళ్ళీ ప్లేటులో పెట్టాడు.

ఆ పేరుకి నేను వ్యతిరేకినన్న సంగతి ఆ సమయంలో గుర్తు రాలేదు. వచ్చినా పైకి అనేవాణ్ణి కాదు. నా ఇంట్లో పేరుని కాదనే హక్కు నాది. అయ్యగారు ఒకసారి లాక్కున్నాడు. రెండోసారి ఇవ్వను. కాబట్టి పిల్ల పేరు సిగిన్. ఇది నా నిర్ణయమని నీ భర్తకి గట్టిగా చదివి వినిపించు.

జయపాల్ వెళ్తూ వెళ్తూ ఒక మెలిక పెట్టాడు. "అయితే అంకుల్, ఆ రోజు మీరే పేరు పలికి, దాని అర్థం కూడా సంఘానికి చెప్పండి. ఎవరికీ అనుమానం లేకుండా పోతుంది." చెబుతాను. నాలుగు పేజీలు సిద్ధం చేస్తున్నాను. అందులో రెండు వాళ్ళ అజ్ఞానం గురించి.

వాళ్ళు వెళ్ళాక రాత్రి భోజనంలో మోనికా నేను అడక్కుండానే రెండో చేప ముక్క వేసింది. వాళ్ళమ్మ పోయాక ఈ ఇంట్లో నాకు అడక్కుండా పడిన మొదటి ముక్క అది.

రాస్తుంటే ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. ఆ కథని అన్ని శతాబ్దాలుగా చెప్పుకున్నారు. గుహ ఎలా ఉందో చెప్పారు, పాముని ఎవరు బిగించారో చెప్పారు. గిన్నె నిండాక ఆవిడ ఆ విషాన్ని ఎక్కడ పారబోసేదో ఒక్కడూ రాయలేదు. గుహలో పారబోస్తే గుహ నిండాలి. బయట పారబోస్తే అక్కడ గడ్డి మొలవకూడదు. ఇంత ముఖ్యమైన విషయం వదిలేశారు. కథకులు ఎక్కడైనా ఒకటే.

ఇట్లు,
సువార్తరావు


నరసాపురం
23 అక్టోబరు 2025

ప్రియమైన అన్నయ్యకి,

నువ్వు రాయకపోయినా నా వందనాలు.

గట్టిగానే చదివాను. మీ బావ విని, "సరే, వాడి ఇష్టం" అని పడుకున్నారు. నువ్వు కోరుకున్నంత బాధపడలేదు. క్షమించు.

పన్ను పోయింది. దోసె తింటుంటే వచ్చేసింది.

మూడు సంగతులు రాయాలి. దుప్పటి అయిపోయింది. మన వీధి చివరి ఇంటి నర్సు అమ్మాయి సెలవు ముగించుకుని దోహా వెళ్తోంది, ఆమెతో పంపుతున్నాను. సైలస్ వెళ్ళి తెచ్చుకుంటాడు.

రెండోది. సైలస్‌కి తెలుగు చదవడం రాదని నీకు ఎవరు చెప్పారు? వాళ్ళ పెళ్ళిలో తెలుగు బైబిలు వాక్యం చదివింది అతనే కదా. మీ సంఘంలో కూడా నెలకోసారి చదువుతాడట. నువ్వు ముందు వరసలో కూర్చుని కళ్ళు మూసుకుంటావు, ఎవరు చదువుతున్నారో ఎలా తెలుస్తుంది? నీ మొదటి ఉత్తరంలో రెండో పేజీ కొంచెం వంకరగా వస్తే, "అత్తయ్యా, ఈ పేజీ మళ్ళీ తీసి పంపుతున్నాను" అని చక్కగా తీసి పంపాడు. ఖాళీ డ్రమ్ము అన్న పేజీ అదే.

మూడోది. ఆ పేరు సైలస్ పెట్టాడనీ, వాళ్ళ పై అధికారి కోసమనీ రాశావు. ఎవరినైనా అడిగావా? మోనికాని అడుగు. కోపంగా కాదు, టైము ఎంతయింది అని అడిగినట్టు అడుగు.

గిన్నె ఎక్కడ పారబోసేదని కదా నీ అనుమానం. నాకు తెలుసనే అనుకుంటున్నాను. ముందు నువ్వు మోనికాని అడుగు. తర్వాత చెబుతాను.

నీ చెల్లెలు,
సుకుమారి


అల్ అజీజియా
31 అక్టోబరు 2025

సుకుమారికి,

ఈ ఉత్తరం కూడా సైలసే పంపుతున్నాడు. చదివే పంపుతాడు కాబట్టి అతనికీ నమస్కారాలు.

ముందు అతన్నే నిలదీశాను. "నీకు తెలుగు చదవడం వచ్చా?"

"వచ్చండి మామయ్యా."

"ఎప్పట్నించి?"

"ఒకటో తరగతి నుంచండి." ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "డ్రమ్ము సంగతి పర్లేదండి. కాని ఆ పేరు నాది కాదండి. మా బాసుకి ఆ కథే తెలీదు. మోనికా పెట్టిందండి" అన్నాడు.

మోనికా దగ్గరికి వెళ్ళాను. టైము అడిగినట్టే అడిగాను. పిల్లని భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. "ఆవిడ గిన్నె పట్టుకుంది కదా నాన్నా" అంది. అంతే. లోపలికి వెళ్ళిపోయింది.

నాకు చదువు వచ్చు. లెక్క కట్టుకోగలను. నా కూతురు ఈ ఇంట్లో ఒక సిగిన్ ఉందని అనుకుంటోంది. అయితే బండకి కట్టేసినవాడెవడు? నోరు ఊరుకోనివాడెవడు? విందుల్లో అందరినీ దులిపేవాడెవడు? ఈ ఫ్లాట్లో ఆ వర్ణనకి సరిపోయే మగాడు ఒక్కడే. సైలస్ కాదు. ఆ మనిషి తిట్టు తిని ఫోటో మళ్ళీ తీసి పంపే రకం.

ఉన్న మాట అనడం నేరమైన చోట నేను నేరస్తుణ్ణే. ఉద్యోగంలో డ్రాయింగ్ తప్పయితే తప్పన్నాను. ప్రసంగం వాతావరణ సూచనలా ఉంటే ఉందన్నాను. దానికి సొంత కూతురు నన్ను పాము కింద పడుకోబెట్టి, ఆ అవమానాన్ని మనవరాలికి పేరుగా పెట్టి, సంఘం ముందు నా నోటితోనే పలికించాలనుకుంటోంది. అర్థం కూడా నేనే చెప్పాలట.

వెళ్ళను. నవంబరు 14న నాకు వేరే పని ఉంది. మా బిల్డింగు నాతూర్ జలంధర్‌కి ఆ రోజు సెలవు. జగిత్యాల వైపు మనిషి, వాచ్‌మన్ పనికి ఇక్కడ నాతూర్ అంటారులే. వాడి ఊరివాడొకడు అల్ షహానియాలో ఒంటెల దగ్గర పనిచేస్తాడు. పొద్దున్నే ఒంటెల్ని పరుగు సాధన చేయిస్తారు. చూడటానికి నన్నూ తీసుకుపొమ్మన్నాను.

వాడు తల గోక్కున్నాడు. "మనవరాలికి పేరు వెట్టేది ఇడిసిపెట్టి ఒంటెలు సూడ వోతవా సారూ? గా ఒంటెల మీద మనుషులు గూడ ఉండరు. చిన్న చిన్న మిషిన్ బొమ్మలు గూసుంటయి."

"మాట్లాడతాయా?"

"మాట్లాడయ్ సారూ."

"అయితే అక్కడికే వస్తాను" అన్నాను.

"నా బిడ్డకు పేరు వెట్టినప్పుడు నేను ఈడనే ఉంటి సారూ. ఫోన్ల విన్న. సిగ్నల్ వోయి సగం పేరే వినవడ్డది. మల్ల మా అవ్వ రాములవ్వ జెప్పింది."

నా కూతురికి పెట్టినప్పుడు నాకు ఫోన్ కూడా లేదన్నాను. వాడు "అయ్యో" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ విషయానికి అయ్యో అన్నది వాడొక్కడే. నీ భర్తకి ఇది కూడా చదువు.

గిన్నె సంగతి నీకు తెలుసన్నావు. చెప్పక్కర్లేదు. ఆసక్తి పోయింది.

సువార్తరావు


నరసాపురం
8 నవంబరు 2025

ప్రియమైన అన్నయ్యకి,

తుఫాను మా మీదుగానే పోయింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు చచ్చాయి. గుడి వెనక గోడ పడిపోయింది. మనుషులకి ఏమీ కాలేదు. నీ ఉత్తరం నిన్ననే చూశాను. ఈసారి మీ బావకి వినిపించే ముందు నేనొక్కదాన్నే చదువుకున్నాను.

ఆసక్తి పోయిందన్నావు. అయినా చెబుతాను.

వదిన పోయిన ఏడాది, ఆస్పత్రిలో ఉన్నప్పటి మాట. ప్రపంచ కప్పుకని మీ ఊరంతా ఫుట్‌బాల్ జనం. మోనికా స్కూల్లో పనిచేసే నార్వే టీచరమ్మ ఒకావిడ చూడటానికి వచ్చిందట. అప్పుడు నువ్వు జావ చల్లారిపోయిందని అక్కడి అమ్మాయి మీద కేకలేస్తున్నావు. వదిన సూది గుచ్చిన చెయ్యే ఎత్తి నీ గడ్డం కింద అరచెయ్యి పట్టింది. ఆ అలవాటు నీకు గుర్తుందో లేదో. జావ తాగే పిల్లలకి కారకుండా కింద చెయ్యి పడతామే, అలా. నీ గొంతు పెరిగినప్పుడల్లా అలా పట్టేది, నువ్వు తగ్గేవాడివి. అది చూసి ఆ టీచరమ్మ బయటికొచ్చాక మోనికాతో, "మా కథల్లో ఇలాంటి ఆవిడ ఒకరున్నారు" అని ఈ సిగిన్ గురించి చెప్పిందట. మోనికా అప్పుడే అనుకుందట, ఆడపిల్ల పుడితే ఈ పేరే అని. తను గర్భంతో ఉన్నప్పుడు నాకు చెప్పింది.

అందులో నువ్వెవరివో దాని లెక్కలో లేదు అన్నయ్యా. అది నీ పేరు పెట్టలేదు. వాళ్ళమ్మ పేరు పెట్టుకుంది.

గిన్నె ఎక్కడ పారబోసేదో చెబుతానన్నాను. మా వసారాలో. శుక్రవారం నువ్వు గుడి నుంచి వచ్చి, భోంచేసి పడుకున్నాక వదిన నాకు ఫోన్ చేసేది. ఆ వారం నువ్వు ఎవరిని ఏమన్నావో చెప్పేది. ఏడుస్తూ కాదు. కూరల ధరలు చెప్పినట్టు చెప్పేది. నేను ఫోను చెవికి ఆనించుకుని లేసు అల్లుకుంటూ వినేదాన్ని. ఆ ప్రసంగం బాగోలేదని నువ్వన్న పాస్టరుగారి ఇంటికి వారం తిరక్కుండా రొయ్యల వేపుడు వెళ్ళింది. నీకు తెలీదు. సైలస్ పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నువ్వు ఏం చదివావని మూడు ప్రశ్నలు వేసి అతన్ని తీసిపారేశావు. వదిన మెట్ల దాకా వెంట వెళ్ళి, "ఆయనకి నువ్వు నచ్చావు బాబూ. నచ్చనివాళ్ళని ఆయన ప్రశ్నలు అడగరు" అందట. అతను ఇప్పటికీ అదే నమ్ముతున్నాడు. నువ్వు తిట్టినప్పుడల్లా మురిసిపోతాడని మోనికా నవ్వుతుంది.

వదిన నాకు చెప్పేది. నేను మీ బావకి చెప్పేదాన్ని. ఆయన మోకరించి ఎవరికి చెప్పేవారో నీకు తెలుసు, నువ్వు నమ్మకపోయినా.

వదిన పోయిన వారం ఆ అల్లిక సగంలో ఆపేశాను. పాపకి పంపిన దుప్పటి అదే.

ఇంకొకటి ఉంది. చెప్పొద్దని వదిన మాట తీసుకుంది గాని, మాట తీసుకున్న మనిషి పోయింది, ఇచ్చిన మనిషికి డెబ్బై దాటాయి. మోనికా అన్న పేరు మీ బావ పెట్టలేదు. వదినే అడిగింది. నీ నీహారిక ఆవిడకి తెలుసు, బాగుందనే అంది. కాని పెళ్ళికి ముందు ఆదివారపు బడిలో మోనికా అనే పూర్వకాలపు భక్తురాలి కథ పిల్లలకి చెప్పేదట. ఆవిడ భర్త మహా కోపిష్ఠి. ఆవిడ ఎదురు చెప్పేది కాదు, వదిలేదీ కాదు. "ఆ పేరు ఇంట్లో వినబడుతుంటే నాకు ధైర్యంగా ఉంటుంది అయ్యగారూ" అని మీ బావని అడిగింది. ఆయన పలికారు. నువ్వు ఆయన్ని అన్న మాటలన్నీ ఇన్నేళ్ళూ పడ్డారు. నేను ఒకసారి చెప్పేస్తానంటే, "వాడికి ఎవరో ఒకరి మీద కోపం ఉండాలి. భార్య సుగుణమణి మీద కంటే నా మీద ఉండటం నయం" అన్నారు.

మొన్న జయపాల్‌కి ఫోన్ చేసిన రోజు కూడా ఎందుకు చేశారని నేను గొడవ పెట్టుకున్నాను. అప్పుడు చెప్పారు: "మోనికా మనసు పడ్డ పేరు. వాడికి నచ్చాలంటే నేను వద్దనాలి."

ఇంతే. ఒంటెల దగ్గరికి వెళ్తే తలకి రుమాలు కట్టుకో. దుమ్ము నీకు పడదు.

నీ చెల్లెలు,
సుకుమారి


అల్ అజీజియా
15 నవంబరు 2025

చెల్లెలు సుకుమారికి,

నీ ఉత్తరం వారం కిందట అందింది. జవాబు రాయలేదు. రాయడానికి ఏమీ తోచలేదు. నాకు ఏమీ తోచని వారం నా జీవితంలో ఇంకొకటి లేదు కాబట్టి దీన్ని నమోదు చేస్తున్నాను.

అయ్యగారు నన్ను ఎద్దులా అదిలించి తను అనుకున్న దారికి తోలాడని అర్థమైంది. ఎనభై దాటిన మనిషికి ఇంకా ఇలాంటి బుద్ధులేమిటో. దాని మీద విడిగా రాస్తాను.

నిన్న పొద్దున్నే కిందకి దిగాను. జలంధర్ తయారై ఉన్నాడు. "రాను. గుడికి పోవాలి" అన్నాను. "గట్లనే అంటవని నేను జీపు గూడ చెప్పలే సారూ" అన్నాడు. ఈ మధ్య అందరికీ నా సంగతి నాకంటే ముందే తెలుస్తోంది.

గుడి నిండా జనం. జయపాల్ ముందుకు పిలిచాడు. మోనికా పిల్లని నా చేతికిచ్చింది. నీ లేసు దుప్పటి కప్పి ఉంది. అల్లిక మధ్యలో ఒకచోట దారం రంగు మారింది, కాస్త తెలుపు ఎక్కువ. అక్కడ ఆపి మళ్ళీ మొదలుపెట్టావని తెలుస్తోంది. తప్పు పట్టడం లేదు.

నాలుగు పేజీలు జేబులో ఉన్నాయి. పిల్లని పట్టుకుంటే రెండు చేతులూ కావాలి. తీయడం కుదర్లేదు.

సిగిన్ అన్నాను. మూడుసార్లు. మూడోసారికి దగ్గు వచ్చింది. ఏసీ ఎక్కువ పెడతారు అక్కడ.

"అర్థం కూడా చెప్పండి అంకుల్" అన్నాడు జయపాల్, మైకు దగ్గరికి తెచ్చి. ఆ బిస్కెట్టు పెద్దమనిషి మొదటి వరసలో మెడ చాచి చూస్తున్నాడు. గెలుపు, స్నేహితురాలు, గుహ, పాము, ఫ్రైడే, అన్నీ వరసలో ఉన్నాయి నా దగ్గర. అంతలో పిల్ల పాలు కక్కింది. గడ్డం కింద అరచెయ్యి పట్టాను. అంతా చేతిలోనే పడింది. దుప్పటికి ఏమీ కాలేదు, ఆందోళన పడకు.

"వాళ్ళ అమ్మమ్మ పేరు" అన్నాను.

జయపాల్ ఇబ్బందిగా నవ్వాడు. "ఆంటీ పేరు సుగుణమణి కదండీ."

"అదే" అన్నాను.

వెనకనుంచి సైలస్ ఆమేన్ అన్నాడు. ఖాళీ డ్రమ్ము కదా, గట్టిగా మోగింది. ఆ తర్వాత సంఘమంతా అంది. పెద్దాయనకి మతిమరుపు మొదలైందని బయట చెప్పుకుంటున్నట్టు విన్నాను. ఖండించలేదు.

మోనికా పిల్లని తీసుకోవడానికి వచ్చి, నా చెయ్యి తన పైటతో తుడిచింది. కళ్ళు తుడుచుకోవడానికి ముందు ఆ పని చేసింది. ఆ వరస వాళ్ళమ్మ నేర్పిందే.

ఇంటికొచ్చి భోంచేశాను. నిద్ర పట్టలేదు. ఆ వేళకి నేను మేలుకుని ఉండటం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఏం చెయ్యాలో తెలియక హాల్లో కూర్చున్నాను.

వచ్చే శుక్రవారం ఆ వేళకి నీకు ఫోన్ చేస్తాను. ఏడవనని ముందే మాట ఇవ్వు, నేను అరవనని ఇవ్వలేను. అయ్యగారిని కూడా పక్కన కూర్చోమను. ఆయనతో మాట్లాడటానికి నా దగ్గర ఏమీ లేదు. ఊరికే కూర్చోమను.

మాత్రలు వేసుకున్నాను. ఇది అబద్ధం కాదు.

నీ అన్న,
సువార్తరావు